రక్తం కనిపించాక ఫోన్ చేస్తే లాభం లేదు: పశువుల ఎదపై అపోహలు, వాస్తవాలు

"డాక్టరు గారూ, మా పెయ్యకి రక్తం పడుతోందండీ. సూది నిలవలేదంటారా?"

ఈ ఫోన్ నాకు నెలకి నాలుగైదుసార్లు వస్తుంది. గొంతు మారుతుంది, ప్రశ్న మారదు. మొన్న చేసినావిడ ఏడుస్తూనే మాట్లాడింది. పుట్టినప్పటి నుంచి చేతుల మీద పెంచుకున్న పెయ్య. రెండు రోజుల క్రితం ఎదకొచ్చిందని, అంటే చూలు కట్టే వేళ అయిందని, ఎద సూది (గన్నుతో గర్భాశయంలోకి వీర్యం ఎక్కించడం) వేయించింది. పొద్దున్నే చూస్తే తోకకి రక్తం అంటుకుని ఉంది. పక్కింటాయన "గన్ను గుచ్చుకుని లోపల చిరిగింది" అన్నాడట. ఇంకొకాయన "రక్తం వచ్చిందంటే గర్భం పోయినట్టే" అన్నాడట. మూడో ఆయన మరీ తెలివైనవాడు. "ఇదే అసలు ఎద, ఇప్పుడు మళ్లీ వేయించు" అని సలహా ఇచ్చాడట.

ముగ్గురి మాటా తప్పే. ఆ ముగ్గురి మీద నాకు కోపం వస్తుంది కానీ ఫోన్ చేసినావిడ మీద రాదు. రక్తం చూస్తే ఎవరికైనా టెన్షనే.

జరిగేది ఇది. ఎద సమయంలో ఈస్ట్రోజన్ హార్మోన్ వల్ల గర్భాశయం లోపలి పొరకి రక్తం బాగా చేరుతుంది. ఎద ముగిసి ఆ హార్మోన్ పడిపోగానే అక్కడి సన్నటి నాళాలు కొన్ని చిట్లుతాయి. ఒకటి నుంచి మూడు రోజుల్లోపు జిగురుతో కలిసి కాస్త రక్తం బయటికి వస్తుంది. పెయ్యల్లో ఎక్కువగా, ఈనిన ఆవుల్లో కొంత తక్కువగా కనిపిస్తుంది. సూది వేయించినా వేయించకపోయినా వస్తుంది. చూలు నిలిచినా వస్తుంది, నిలవకపోయినా వస్తుంది. దీన్ని ఆడవాళ్ల నెలసరితో పోల్చుకోవడం దగ్గరే గందరగోళమంతా మొదలవుతుంది. మనుషుల్లో నెలసరి వస్తే ఆ నెల గర్భం నిలవలేదని అర్థం. ఆవులో రక్తం చెప్పేది ఒక్కటే, ఎద అయిపోయిందని.

కాబట్టి రక్తం కనిపిస్తే చేయాల్సిన పని క్యాలెండర్ మీద తేదీ రాసుకోవడం. చూలు నిలవకపోతే, అక్కడి నుంచి పద్దెనిమిది, పందొమ్మిది రోజులకి మళ్లీ ఎద వస్తుంది. అంతకు రెండు రోజుల ముందు నుంచే కళ్లు తెరుచుకుని ఉండండి. రక్తం ధారగా కారుతున్నా, దుర్వాసన వస్తున్నా, చూడి అని తేలిన పశువులో కనిపించినా అది వేరే సంగతి, అప్పుడు వెంటనే పిలవండి.

ఇక ఆ మూడో సలహా. జనాన్ని ఎక్కువగా ముంచేది ఇదే, అందుకే కాస్త గట్టిగా చెబుతాను.

ఆవు కదలకుండా నిలబడి, పక్క పశువు తన మీదికి ఎక్కినా ఊరుకునే సమయం 12 నుంచి 18 గంటలు. కొన్నిటిలో ఇంకా తక్కువే. అది ముగిశాక మరో 10 నుంచి 12 గంటలకి అండం విడుదలవుతుంది. విడుదలైన అండం బతికేది కొద్ది గంటలే. వీర్యకణాలకేమో లోపలికి వెళ్లగానే ఫలదీకరణ చేసే శక్తి రాదు, అందుకు కొన్ని గంటలు పడుతుంది. ఆ తర్వాత సుమారు ఒక రోజు బతికి ఉంటాయి. అంటే అండం వచ్చేసరికి వీర్యకణాలు సిద్ధంగా ఎదురుచూస్తూ ఉండాలి. రక్తం కనిపించే వేళకి అండం పోయి చాలా గంటలవుతుంది. అప్పుడు వేసే సూది, లోపల ఎవరూ లేని ఇంటి తలుపు కొట్టడమే.

పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించాలన్న లెక్క అందరూ వినే ఉంటారు. అది ఎవరో ఊహించి చెప్పింది కాదు. 1940ల్లో అమెరికాలోని నెబ్రాస్కా యూనివర్సిటీలో ట్రింబర్గర్ అనే ఆయన ఆవుల్ని దగ్గరుండి గమనించి తేల్చినది. ఎనభై ఏళ్లకి కూడా పాడి రైతుకి ఇంతకంటే సులువైన సూత్రం దొరకలేదు.

సూది వేళ తప్పితే ఎంత నష్టమో లెక్క వేసుకోండి. ఆవు చూడి కాలం సుమారు 283 రోజులు. ఏడాదికో దూడ కావాలంటే ఈనిన తర్వాత 82 రోజుల్లో చూలు నిలవాలి. అందులో మొదటి రెండు నెలలు గర్భాశయం కుదురుకోవడానికే పోతాయి. మిగిలేది దాదాపు ఒక్క ఎద. దాన్ని వదిలేస్తే ఇంకో 21 రోజులు ఆగాలి, ఆ 21 రోజులూ మేత మాత్రం ఆగదు. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు, కాబట్టి అక్కడ లెక్క ఇంకా ఇరుకు. "మా పశువు పొర్లుతూనే ఉంది సార్, ఎన్ని సూదులు వేయించినా నిలవట్లేదు" అని వచ్చేవాళ్లలో చాలామంది పశువులకి ఏ జబ్బూ ఉండదు. సూది వేళ తప్పుతోంది, అంతే. జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఒక్క సూదికే చూలు నిలిచేది సుమారు సగం పశువుల్లోనే అని కూడా గుర్తుంచుకోండి. ఒకసారి తప్పిందని ఆవుని అమ్మేయకండి.

"అరవలేదు సార్, అందుకే తెలియలేదు."

ఇది రెండో పెద్ద అపోహ, మొదటిదానికి సొంత అక్క. అరిస్తేనే ఎద అనుకుంటారు. ఆవు ఆకలేసినా అరుస్తుంది, దూడ కనపడకపోయినా అరుస్తుంది. ఎదలో ఉండి నోరెత్తని ఆవులు బోలెడు. గేదెల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఎండాకాలంలో మూగ ఎదే ఎక్కువ. గేదెలు ఒకదాని మీద ఒకటి ఎక్కడం కూడా అరుదు. ఆవులా జిగురు తీగలు వేలాడదీయవు. పడుకున్నప్పుడు కింద కొద్దిగా జిగురు పడుతుంది, లేచాక అది తొక్కిడికి కలిసిపోతుంది. మానం (యోని ద్వారం) కాస్త ఉబ్బడం, మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు తగ్గడం, మేత సరిగ్గా తినకపోవడం, వీటినే పట్టుకోవాలి. అది కూడా తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు, ప్రతిసారీ ఓ అరగంట నిలబడి చూడాలి. పాలు పితికేటప్పుడు ఓరకంటితో చూస్తే సరిపోదు.

ఇంకో పొరపాటు, ఎక్కే ఆవుని పట్టుకొచ్చి సూది వేయించడం. ఎక్కేది ఎదలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కదలకుండా నిలబడి ఎక్కించుకునేదే కచ్చితంగా ఎదలో ఉన్నట్టు. ఆ నిలబడటం ఒక్కోసారి ఐదారు సెకన్లే. మీరు ఫోన్ చూసుకుని తలెత్తేలోపు అయిపోతుంది.

నిజానికి ఆవు దాచిపెడుతున్నదేమీ లేదు, గట్టిగానే చెబుతోంది. కాకపోతే మనకి కాదు. ఎదలో ఉన్న ఆవు మూత్రంలో, జిగురులో వాసన మారుతుంది. ఆబోతు ఆ మూత్రాన్ని మూతితో తాకి, తల పైకెత్తి, పై పెదవి వెనక్కి మడిచి కాసేపు అలా ఉండిపోవడం చూసే ఉంటారు. "వెక్కిరిస్తోంది", "నవ్వుతోంది" అంటుంటారు. అది నవ్వు కాదు. పై చిగురు వెనక అంగిట్లో రెండు సన్నటి రంధ్రాలుంటాయి. వాటి గుండా ఆ వాసన ముక్కు అడుగున ఉన్న ప్రత్యేకమైన అవయవానికి చేరుతుంది. డెన్మార్క్‌కు చెందిన లుడ్విగ్ జాకబ్‌సన్ 1813లో దీన్ని వివరంగా వర్ణించాడు కాబట్టి జాకబ్‌సన్ అవయవం అని ఆయన పేరే పెట్టారు. పెదవి మడవడం ఆ వాసనని లోపలికి పంపే పద్ధతి. 1978లో అమెరికా పరిశోధకులు శిక్షణ ఇచ్చిన కుక్కలతో పరీక్షించి, అవి కూడా ఎదలో ఉన్న ఆవు వాసనని పసిగట్టగలవని చూపించారు. మన ముక్కుకి ఆ యోగం లేదు. అందుకే కళ్లకీ నోటుపుస్తకానికీ పని చెప్పాలి.

నోటుపుస్తకం అనగానే నా సొంత తప్పొకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక పెద్దాయన ఆవుని తోలుకొచ్చాడు, "ఎదకొచ్చింది బాబూ, తొందరగా కానియ్యి" అన్నాడు. పక్క ఆవుల మీద ఎక్కుతోంది, అరుస్తోంది. ఎప్పుడు సూది వేయించారని అడిగితే గుర్తులేదన్నాడు. బయట ఇంకో ఆరు పశువులు ఎదురు చూస్తున్నాయి. చేయి పెట్టి గర్భాశయ ముఖద్వారం పట్టుకున్నాను, కోడి మెడలా గట్టిగా చేతికందింది. గన్ను మధ్యలో ఆగింది. ఎదలో ఉన్నదానికి జిగురు కోడిగుడ్డు తెల్లసొనలా జారుతూ ఉండాలి. ఇక్కడ చిక్కటి బంక అడ్డుపడుతోంది. అనుమానం వచ్చింది. వచ్చినా నెట్టాను.

నాలుగో రోజు పెద్దాయన మళ్లీ వచ్చాడు, ఈసారి ఆవు లేకుండా. ఈసుకుపోయిందని, అంటే గర్భం జారిపోయిందని చెప్పాడు. దాదాపు నాలుగు నెలల పిండం. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ బంక ఎలా ఉంటుందో నా వేళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు.

చూడి ఆవుల్లో కూడా కొన్ని మధ్యలో ఎద లక్షణాలు చూపిస్తాయి. చూడి నిలిచాక ముఖద్వారాన్ని మూసేసే సీలు లాంటిది ఆ బంక. అది పగిలితే లోపలి పిండానికి రక్షణ పోతుంది. "మళ్లీ ఎదకొచ్చిందంటే నిలవనట్టే" అన్న నమ్మకం ఎంత ప్రమాదమో అర్థమైందా? పాత సూది తేదీ చెప్పండి, చెప్పలేకపోతే ముందు చూడి పరీక్ష చేయమని అడగండి. డాక్టరు విసుక్కున్నా సరే అడగండి.

మిగతావి గబగబా.

సూది వేయించాక పశువుని పడుకోనివ్వకూడదు, వెనక చన్నీళ్లు కొట్టాలి అంటారు. రెండూ అనవసరం. వీర్యం పెట్టేది ముఖద్వారం దాటి గర్భాశయంలో. పడుకుంటే కారిపోదు. నీళ్లకి అక్కడ పనే లేదు. ఎండలో పరిగెత్తించకుండా నీడన కట్టేయండి, చాలు.

ఎప్పుడూ కోడెదూడలే పెడుతోందని ఆవుని తిట్టేవాళ్లు ఎక్కువ. పెయ్యా కోడా తేల్చేది వీర్యకణం. ఎక్స్ క్రోమోజోమ్ ఉన్నదైతే పెయ్య, వై ఉన్నదైతే కోడె. పెయ్యలే పుట్టేలా వాడే లింగ నిర్ధారిత వీర్యం తయారీ కూడా దీని మీదే ఆధారపడింది. ఎక్స్ కణంలో డీఎన్ఏ సుమారు 4 శాతం ఎక్కువ, ఆ తేడా పట్టుకుని యంత్రం రెండింటినీ విడదీస్తుంది. దానితో వేయించినా పదిలో ఒకటి కోడె కావచ్చు, అప్పుడు మోసం చేశారనుకోవద్దు.

ఎర్రగుడ్డ చూస్తే ఆబోతు రెచ్చిపోతుందా? పశువు కంట్లో రంగు గుర్తించే కణాలు రెండు రకాలే, మనకి మూడు. ఎరుపు దానికి మనలా కనపడదు. రెచ్చగొట్టేది గుడ్డ కదలిక. చుట్టూ దాదాపు 330 డిగ్రీలు చూస్తుంది కానీ సరిగ్గా వెనక ఉన్నది కనపడదు. వెనక నుంచి చప్పుడు చేయకుండా వెళ్లి తన్నులు తిన్నవాళ్ల జాబితాలో నేనూ ఉన్నాను. పక్క నుంచి, మాట్లాడుతూ వెళ్లండి.

పాలు "ఎగదన్నుకుంటోంది" అని కర్ర తీసుకునేవాళ్లకి ఒక మాట. 1941లో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆవు వీపు మీద పిల్లిని కూర్చోబెట్టి, పక్కనే కాగితం సంచులు పగలగొట్టి చూశారు. ఆవు బెదిరి పాలు చేపడం ఆగిపోయింది. పాలు చేపడానికి కావాల్సిన ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌ని భయంలో ఊరే అడ్రినలిన్ అడ్డుకుంటుంది. దూడ వాసన, పొదుగు కడిగే చేతి స్పర్శ, రోజూ వినే బకెట్టు చప్పుడు, వీటికే పాలు దిగుతాయి. కర్ర చూస్తే దిగవు.

ఈనిన తర్వాత మాయ పడేదాకా దూడకి పాలు తాగించకూడదన్న మాట వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఆవు కడుపులో ఉండగా దూడకి తల్లి రక్తం నుంచి రోగనిరోధక శక్తి అందదు. అదంతా ముర్రుపాలలోనే ఉంది. దాన్ని పీల్చుకునే శక్తి దూడ పేగులకి ఉండేది పుట్టిన మొదటి రోజే, అది కూడా గంట గంటకీ తగ్గిపోతూ ఉంటుంది. రెండు గంటల్లోపు తాగించండి. పైగా దూడ చీకుతుంటే ఊరే ఆక్సిటోసిన్ గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసి మాయ పడటానికి సాయపడుతుంది. 12 గంటలు దాటినా మాయ పడకపోతే పిలవండి. దానికి బరువులు కట్టొద్దు, చేత్తో లాగొద్దు.

కవలల్లో ఒకటి కోడె, ఒకటి పెయ్య పుడితే సంబరపడి ఆ పెయ్యని పాడికని అట్టేపెడతారు. కడుపులో ఇద్దరి రక్తనాళాలూ కలిసిపోయి, కోడె వైపు హార్మోన్లు పెయ్య జననాంగాలని ఎదగనివ్వవు. 1916లోనే ఫ్రాంక్ లిల్లీ అనే అమెరికా శాస్త్రవేత్త దీన్ని వివరించాడు. అలాంటి పెయ్యల్లో పదికి తొమ్మిది గొడ్డువే. చిన్నప్పుడే పరీక్ష చేయించి తేల్చుకోండి. మూడేళ్లు మేపాక "ఇంకా ఎదకి రాలేదేంటి సార్" అని నన్ను పిలవొద్దు.