రన్నింగ్ బ్యాక్‌లలో స్టార్టర్ ఎవరు కావాలి? అపోహలు - వాస్తవాలు

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు మన తెలుగువాళ్లు నలుగురు కూడిన చోట అమెరికన్ ఫుట్‌బాల్ మాట వస్తే చాలు, డాలస్ కౌబాయ్స్ జట్టులో ఏ రన్నింగ్ బ్యాక్‌ని ముందు దింపాలనే వాదన లేస్తుంది. నేను ఈ చుట్టుపక్కలే ఒక హైస్కూల్ జట్టులో రన్నింగ్ బ్యాక్‌లకు కోచింగ్ ఇస్తాను. తల్లిదండ్రులు తమ పిల్లల గురించి నన్నూ ఇదే అడుగుతారు: "బంతి అందిన ప్రతిసారీ మావాడు అంత దూరం పరిగెడుతున్నాడు కదండీ, వాణ్ని స్టార్టర్‌గా ఎందుకు దింపరు?" న్యాయమైన ప్రశ్నే. కాకపోతే దాని వెనక పాతుకుపోయిన అపోహలు చాలా ఉన్నాయి.

ఆట కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. పది యార్డులు ముందుకు జరపడానికి జట్టుకు నాలుగు అవకాశాలు ఉంటాయి. ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. ఆటను నడిపిస్తూ పాస్‌లు వేసేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని చేతి నుంచి బంతి అందుకుని డిఫెన్స్‌లోకి చొచ్చుకుపోయేవాడే రన్నింగ్ బ్యాక్. బంతితో ఎదుటి జట్టు గోల్ లైన్ దాటితే టచ్‌డౌన్.

అపోహ: ఒక్కో పరుగుకి వచ్చే యార్డుల సగటు ఎవరిది ఎక్కువైతే వాడే స్టార్టర్ కావాలి.

వాస్తవం: డాలస్‌లో ఈ వాదన బాగా వేడెక్కింది 2022లో. ఎజెకియెల్ ఎలియట్ స్టార్టర్, టోనీ పొలార్డ్ అతని వెనక. ఆ సీజన్‌లో ఎలియట్ 231 సార్లు పరిగెత్తి 876 యార్డులు సాధించాడు, సగటు 3.8. పొలార్డ్ 193 సార్లకే 1,007 యార్డులు, సగటు 5.2. అక్టోబరు చివర్లో ఎలియట్ మోకాలి గాయంతో ఆగిపోతే, షికాగో బేర్స్ మీద పొలార్డ్ 14 సార్లు పరిగెత్తి 131 యార్డులు, మూడు టచ్‌డౌన్లు కొట్టాడు. ఇక చెప్పేదేముంది, ఊరంతా ఒకటే మాట: పొలార్డ్‌నే ముందు దింపాలి.

2023 మార్చిలో ఎలియట్‌ని వదిలేశారు, పొలార్డ్ స్టార్టర్ అయ్యాడు. ఆ ఏడాది 252 సార్లు పరిగెత్తి 1,005 యార్డులు తెచ్చాడు. సగటు 4.0కి పడిపోయింది. దాదాపు అరవైసార్లు ఎక్కువ పరిగెత్తినా, వచ్చిన యార్డులు పాతవే. సీజన్‌కి ముందు, 2023 జనవరిలో ప్లేఆఫ్ మ్యాచ్‌లో అతని కాలు విరిగి ఆపరేషన్ అయింది కాబట్టి ఆ దెబ్బ ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే. కానీ పని కూడా మారింది. అంతకుముందు సీజన్‌లో గోల్ లైన్ దగ్గర, ఒక్క యార్డు కావాల్సిన చోట గుంపులో తల దూర్చే పని ఎక్కువగా ఎలియట్‌ది. ఒక యార్డు దూరం నుంచి టచ్‌డౌన్ కొడితే జట్టుకు ఆరు పాయింట్లు వస్తాయి, సగటు మాత్రం కిందికి దిగుతుంది. 3.8 సగటున్న ఎలియట్ ఆ సీజన్‌లో 12 టచ్‌డౌన్లు కొట్టాడన్న సంగతి వాదనలో ఎవరికీ గుర్తు రాలేదు. చివరి ఐదు ఓవర్లలో దిగి 180 స్ట్రైక్ రేట్‌తో బాదేవాణ్ని కొత్త బంతికి ఓపెనర్‌గా పంపితే అదే స్ట్రైక్ రేట్ రాదని క్రికెట్ చూసే మనకు వేరే చెప్పక్కర్లేదు.

సగటులో ఇంకో చిక్కుంది. ఒక కుర్రాడు ఐదుసార్లు పరిగెత్తి 4, 4, 3, 5, 4 యార్డులు తెచ్చాడనుకోండి. ఇంకొకడు 0, 1, మైనస్ 1, 2, చివరగా 18 తెచ్చాడు. ఇద్దరి సగటూ నాలుగే. చప్పట్లు ఆ 18 యార్డులకే పడతాయి. కానీ రెండోవాడితో ఐదింట్లో నాలుగుసార్లు జట్టు ఇరుకున పడింది. ఫస్ట్ డౌన్‌లో నాలుగు యార్డులు వస్తే అది మంచి ఆటే అని మేం లెక్కేస్తాం. ఆ లెక్కన మొదటివాడు దాదాపు ప్రతిసారీ పని చేసిపెట్టాడు. నేనైతే మొదటివాణ్నే దింపుతాను. రెండోవాణ్ని వదులుకోను, వాడికి వేరే డౌన్‌లో బంతి ఇస్తాను.

అపోహ: రన్నింగ్ బ్యాక్ పని పరిగెత్తడమే.

వాస్తవం: స్టార్టర్ ఎవరన్నది ఎక్కువసార్లు తేలేది బంతి తన చేతిలో లేనప్పుడే. ఈ సంగతి గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు కనబడదు, ఎందుకంటే అందరి కళ్లూ బంతి మీదే ఉంటాయి.

థర్డ్ డౌన్, ఏడు యార్డులు కావాలి అనుకోండి. క్వార్టర్‌బ్యాక్ పాస్ వేయబోతున్నాడని అందరికీ తెలుసు. రన్నింగ్ బ్యాక్ అతని పక్కన నిలబడి ఉంటాడు. ఎదురుగా ఇద్దరు లైన్‌బ్యాకర్లు, అంటే డిఫెన్స్‌లో ముందు వరుస వెనక నిలబడేవాళ్లు. వాళ్లలో ఒకడు రావచ్చు, ఇద్దరూ రావచ్చు, ఎవరూ రాకపోవచ్చు. బంతి కదలగానే మావాడు ముందు లోపలి లైన్‌బ్యాకర్‌ని చూడాలి, తర్వాతే బయటివాణ్ని. లోపలి దారి క్వార్టర్‌బ్యాక్‌కి దగ్గర కదా, అందుకు. లోపలివాడు వస్తే వెనక నిలబడి ఎదురుచూడకూడదు. రెండడుగులు ముందుకేసి లైన్ దగ్గరే అడ్డుకోవాలి. నడుం దించి, రెండు అరచేతులూ వాడి ఛాతీకి ఆనించి, కాళ్లు ఆడిస్తూనే ఉండాలి. ఎవరూ రాలేదంటే పక్కకు జారి చిన్న పాస్‌కి సిద్ధంగా ఉండాలి. ఇదంతా సుమారు రెండున్నర సెకన్లలో జరిగిపోవాలి.

పదహారేళ్ల కుర్రాడికి ఇది చాలా కష్టం. తనకంటే ఇరవై కిలోలు ఎక్కువున్నవాడు పరుగున వచ్చి పడుతుంటే కళ్లు మూసుకుపోతాయి, లేదా కాళ్ల మీదికి డైవ్ కొట్టేస్తారు. ప్రాక్టీస్‌లో ఇద్దరికి ప్యాడ్లు ఇచ్చి ఎదురుగా నిలబెట్టి, వాళ్లలో ఎవరు కదలాలో వేలితో సైగ చేస్తాం, రన్నింగ్ బ్యాక్‌కి కనబడకుండా. ఎవరు ఎంత వేగంగా పరిగెత్తుతారో స్టాప్‌వాచ్ చెప్పేస్తుంది. తప్పు లైన్‌బ్యాకర్ వైపు ఎవరు అడుగేస్తారో మాత్రం ఈ డ్రిల్‌లోనే బయటపడుతుంది. ఇక్కడ ఒక్క తప్పు చేస్తే దెబ్బ తగిలేది రన్నింగ్ బ్యాక్‌కి కాదు, పాస్ కోసం వేరే వైపు చూస్తున్న క్వార్టర్‌బ్యాక్‌కి. ఒక పిల్లవాడి ఒంటి భద్రత ఇంకొకడి చేతిలో పెడుతున్నప్పుడు ఏ కోచ్ అయినా వెనకాముందూ ఆడతాడు. ఆడాలి కూడా.

అపోహ: డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) ముందు తీసుకున్నవాడికే, ఖరీదైనవాడికే ఆ స్థానం రాసిపెట్టి ఉంటుంది.

వాస్తవం: డబ్బు ప్రభావం ఉండదని నేను చెప్పను. ఎలియట్ 2019లో ఆరేళ్లకు 9 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అంత పోసినవాణ్ని ఏ యజమానీ తేలిగ్గా బెంచీ మీద కూర్చోబెట్టడు. 2022లో ఎలియట్‌కి దక్కిన అవకాశాల్లో కొన్ని ఆ ఒప్పందం వల్లే దక్కాయని నా అభిప్రాయం.

కానీ టెరెల్ డేవిస్ సంగతి చూడండి. 1995లో డెన్వర్ బ్రాంకోస్ అతన్ని ఆరో రౌండ్లో, 196వ ఆటగాడిగా తీసుకుంది. శిక్షణ శిబిరంలో అతని కంటే ముందు వరుసలో చాలామంది ఉన్నారు. టోక్యోలో ఫార్టీనైనర్స్‌తో జరిగిన ప్రీసీజన్ మ్యాచ్‌లో కిక్ఆఫ్ మీద, అంటే బంతిని తన్ని ఎదుటి జట్టుకిచ్చే ఆటలో, అతను చేసిన ఒక గట్టి ట్యాకిల్ (బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయడం) కోచ్‌ల కంట్లో పడింది. గమనించండి, అది పరుగు కాదు, ట్యాకిల్. సీజన్ మొదలయ్యేసరికి అతనే స్టార్టర్, తొలి ఏడాదే 1,117 యార్డులు. 1998లో 2,008.

అపోహ: ముందు నిలబడి దారి తెరిచే లైన్ బాగుంటే ఎవరైనా పరిగెడతారు, స్టార్టర్ గొడవే అనవసరం.

వాస్తవం: ఇందులో సగం నిజం. ముందున్న ఐదుగురు దారి తెరవకపోతే ఎవడూ ఏమీ చేయలేడు. మిగతా సగం కోసం 2013 ఇండియానాపొలిస్ కోల్ట్స్ లెక్కలు చూడండి. అంతకుముందు ఏడాది డ్రాఫ్ట్‌లో మూడోవాడిగా ఎంపికైన ట్రెంట్ రిచర్డ్‌సన్‌ని, తమ ఫస్ట్ రౌండ్ డ్రాఫ్ట్ వంతు ఒకటి ఇచ్చి మరీ తెచ్చుకున్నారు. అతను 157 సార్లు పరిగెత్తి 458 యార్డులు తెచ్చాడు, సగటు 2.9. అదే జట్టులో, అదే సీజన్‌లో డొనాల్డ్ బ్రౌన్ 102 సార్లకు 537 యార్డులు, సగటు 5.3. ఇద్దరికీ వేసిన ఆటలు అచ్చంగా ఒకటే కావు, నిజమే. అయినా ఇంత తేడా లైన్ మీద నెట్టేస్తే పోయేది కాదు. సందు ఎక్కడ తెరుచుకుంటుందో ముందే పసిగట్టే చూపు ఒకరికి ఉంటుంది, ఇంకొకరు లైన్‌మన్ వీపు మీదికే పోతారు.

డాలస్‌వాళ్లకు 1993 గుర్తుండాలి. జీతం తేలక కౌబాయ్స్ రన్నింగ్ బ్యాక్ ఎమిట్ స్మిత్ మొదటి రెండు మ్యాచ్‌లకు రాలేదు. అప్పటి సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) విజేతలైన కౌబాయ్స్ రెండూ ఓడింది. అతను వచ్చాడు, ఆ సీజన్‌లోనే మళ్లీ సూపర్ బౌల్ గెలిచారు. ఆ ఎమిట్‌నే 1990 డ్రాఫ్ట్‌కి ముందు వేగం చాలదన్నారు, 17వ స్థానం దాకా ఎవరూ తీసుకోలేదు. కెరీర్ ముగిసేసరికి 18,355 యార్డులు. నలభై యార్డుల పరుగు టైమింగ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చే నాన్నలకు నేను చూపించేది ఈ అంకెనే.

అపోహ: బంతి జారవిడిచేవాడికి ఆ అలవాటు పోదు.

వాస్తవం: పోతుంది. న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు టికీ బార్బర్ 2002లో తొమ్మిది, 2003లో తొమ్మిది ఫంబుల్స్ చేశాడు. 2004లో టామ్ కాఫ్లిన్ కోచ్‌గా వచ్చాక అతను బంతి పట్టుకునే తీరే మార్చేశారు: ఛాతీకి ఎత్తుగా, ఒంటికి గట్టిగా అదుముకునేలా. 2005లో 357 సార్లు పరిగెత్తి 1,860 యార్డులు సాధించిన మనిషి ఫంబుల్ చేసింది ఒక్కసారే.

అపోహ: స్టార్టర్ అంటే మ్యాచంతా అతనే.

వాస్తవం: మొదటి ఆటకు మైదానంలో ఉన్నవాడు, అంతే. 2023లో డెట్రాయిట్ లయన్స్‌లో డేవిడ్ మాంట్‌గోమరీ 219 సార్లు, జామీర్ గిబ్స్ 182 సార్లు పరిగెత్తారు. ఒకరికి 1,015 యార్డులు, ఇంకొకరికి 945. 2022 కాన్సాస్ సిటీ చీఫ్స్‌లో డ్రాఫ్ట్ 251వ ఆటగాడైన ఐజయా పచేకో సీజన్ మధ్యలో స్టార్టర్ అయ్యాడు. పాస్ వేయాల్సిన సమయాల్లో మాత్రం ఎక్కువగా జెరిక్ మెకినన్‌నే నమ్ముకున్నారు. ఆ సీజన్‌లో మెకినన్ పాస్‌లు పట్టి తొమ్మిది టచ్‌డౌన్లు కొట్టాడు.

కాబట్టి తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. మీ పిల్లవాడి కోచ్‌ని "స్టార్టర్ ఎందుకు కాలేదు" అని అడిగితే మొహమాటపు జవాబే వస్తుంది. "ఏ డౌన్‌లో వాణ్ని నమ్మలేకపోతున్నారు?" అని అడగండి. బ్లిట్జ్‌ని (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే లైన్‌బ్యాకర్లని) పసిగట్టడమా, బంతి పట్టుకునే తీరా, సందు కోసం ఆగలేకపోవడమా, ఏదో ఒకటి కోచ్ వేలుపెట్టి చూపిస్తాడు. వీలైతే ఆ ఆటల వీడియో కూడా అడిగి తీసుకుని, కుర్రాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. బంతి వాడి దగ్గర లేని ఆటల్నే ముందు చూడండి.