సూక్ష్మదర్శిని నేర్పేవారి తయారీ: ఒక పాత వెలితికి నేపథ్యం

చెరువుల సీజనులో భీమవరం పరిసరాల్లోని ఆక్వా ల్యాబుల ముందు రైతులు పొద్దున్నే నీళ్ల సీసాలతో, ప్లాస్టిక్ కవర్లలో బతికున్న రొయ్యలతో నిలబడి ఉంటారు. లోపల టెక్నీషియన్ ఒక వనామీ రొయ్య తలభాగం నుంచి హెపటోపాంక్రియాస్ (జీర్ణగ్రంథి) ముక్క కొంచెం తీసి, స్లైడు మీద పెట్టి, కవర్‌స్లిప్‌తో మెల్లగా నొక్కి సూక్ష్మదర్శినిలో చూస్తారు. కొవ్వు బిందువులు ఉన్నదీ లేనిదీ, నాళికలు కుంచించుకుపోయినదీ లేనిదీ సులువుగానే తెలిసిపోతుంది. చిక్కంతా ఈహెచ్‌పీ దగ్గరే వస్తుంది. 2009లో థాయిలాండ్‌లో శాస్త్రీయంగా వర్ణించి పేరు పెట్టిన ఈ పరాన్నజీవి రొయ్యను ఒక్కసారిగా చంపదు, ఎదగనివ్వదు. మేత పోతూనే ఉంటుంది, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) మాత్రం రాదు. దాని బీజకణం పొడవు రెండు మైక్రాన్లు కూడా ఉండదు. ఖాయం చేసేది పీసీఆర్ పరీక్షే అయినా, మొదటి అనుమానం చాలాసార్లు ఈ స్లైడు దగ్గరే పుడుతుంది.

అంత చిన్నది కంటికి ఆనాలంటే నూనె వేసి చూసే 100 ఎక్స్ ఆబ్జెక్టివ్ (నమూనాకు దగ్గరగా ఉండే కటకం) ఒక్కటే చాలదు. వేదిక కింద ఉండి వెలుతురును నమూనా మీద కూడగట్టే కండెన్సర్ సరైన ఎత్తులో ఉండాలి, దాని ఐరిస్ (రంధ్రాన్ని పెద్దది, చిన్నది చేసే రేకుల అమరిక) తగినంత తెరిచి ఉండాలి. ఐరిస్ బాగా మూసేస్తే బొమ్మ గాఢంగా, కంటికి హాయిగా కనబడుతుంది గానీ సూక్ష్మ వివరం చెరిగిపోతుంది, రేణువుల చుట్టూ లేని వలయాలు పుట్టుకొస్తాయి. వెలుతురు ఎక్కువగా ఉంటే తగ్గించవలసింది దీపాన్ని. నేను చూసిన ల్యాబుల్లో ఎక్కువ చోట్ల తగ్గించేది ఐరిస్‌ను. ఆ టెక్నీషియన్లను నిందించడం అన్యాయం, ఎందుకంటే వారికి ఈ సంగతి చెప్పినవారే లేరు. చెప్పగలవారు ఎందుకు లేకపోయారో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1873లో జర్మనీలో ఎర్నెస్ట్ అబ్బే కాంతి తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం కంటే చిన్న వివరాన్ని సూక్ష్మదర్శిని విడదీసి చూపలేదని తేల్చారు. ఇరవై ఏళ్లకు, 1893లో, ఆగస్ట్ కోలర్ దీపపు కాంతిని నమూనా అంతటా సమంగా పరిచే అమరికను ప్రకటించారు. 1900లో ఆయన సూక్ష్మదర్శినులు తయారుచేసే జైస్ సంస్థలో చేరారు. నా దృష్టిలో ఆ చేరికలో తర్వాతి కథకు ఒక సూచన ఉంది. పరికరం లోగుట్టు దాన్ని తయారుచేసినవారి దగ్గరే ఎక్కువగా నిలిచిపోయింది, కొన్నవారికి అందింది స్లైడు చూసే విద్య మాత్రమే.

మన డిగ్రీ కళాశాలల్లో ఈ చీలిక స్పష్టంగా కనిపించేది. భౌతికశాస్త్రంవారు కటకాల సూత్రం చెప్పారు, జంతుశాస్త్రంవారు స్లైడు చూపించారు, మధ్యలో ఉన్న కండెన్సర్ ఎవరి పాఠంలోకీ రాలేదు. గోదావరి ఒడ్డున నేను చదివిన కళాశాలలో కింద అద్దం ఉన్న పాత సూక్ష్మదర్శినులు ఉండేవి. ప్రాక్టికల్స్ రోజున వరుసలో వెళ్లి, ముందే బిగించి ఉంచిన స్లైడును ఒక కన్నుతో చూసి, రికార్డులో బొమ్మ వేసుకుని వచ్చేవాళ్లం. ఒకనాడు నాకు నల్లటి వలయం తప్ప ఏమీ కనబడకపోతే, ల్యాబ్ అటెండరు గారు పక్కకు వచ్చి, "అద్దం కిటికీ వైపు తిప్పండి బాబూ, గుంట వైపు కాదు, చదును వైపు పెట్టండి" అన్నారు. కండెన్సర్ ఉన్న పరికరానికి చదును అద్దమే వాడాలన్నది ఆప్టిక్స్ ప్రకారం సరైన మాట. మూడేళ్ల చదువులో సూక్ష్మదర్శిని గురించి నాకు అందిన పాఠం అదొక్కటే. దాన్ని చెప్పినాయన హోదాలో బోధన అనే మాట లేదు.

పెద్ద పరిశోధనాలయాల్లో పరిస్థితిని మార్చింది ఫ్లోరోసెన్స్, అంటే కణంలోని భాగాలను మెరిపించి చూసే పద్ధతి. 1980లలో అమెరికాలోని ఉడ్స్ హోల్ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలలో షిన్యా ఇనోవే వంటివారు సూక్ష్మదర్శినినే పాఠ్యాంశంగా పెట్టి కోర్సులు నడిపారు. ఆ దశాబ్దం చివర్లో నమూనాలో ఒక్కో పొరనే స్పష్టంగా చూపే కాన్ఫోకల్ సూక్ష్మదర్శినులు మార్కెట్లోకి వచ్చాయి. 1994లో జెల్లీఫిష్ నుంచి తీసుకున్న పచ్చని మెరుపు ప్రోటీన్‌ను ఇతర జీవుల కణాల్లో వెలిగించి చూపారు, దానికి 2008లో నోబెల్ వచ్చింది. అబ్బే గీసిన హద్దును దాటిన పద్ధతులకు 2014లో మరో నోబెల్ దక్కింది. పరికరాల ధర కోట్లకు చేరడంతో వాటిని ఉమ్మడి కేంద్రాల్లో పెట్టారు, జీవశాస్త్ర పరిశోధన సంస్థలైన హైదరాబాద్ సీసీఎంబీలోనూ బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లోనూ అలాంటివి ఉన్నాయి. వాటిని నడపడానికి వచ్చినవారే ఇమేజింగ్ సైంటిస్టులు.

వారి రోజులో పెద్ద భాగం కొత్తగా వచ్చిన విద్యార్థికి యంత్రం నేర్పడంతోనే గడుస్తుంది. అయినా ఎంతోకాలం వారిని యంత్ర సంరక్షకులుగానే లెక్కించారు, పాఠం చెప్పే పద్ధతిలో వారికి శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది. 2019లో చాన్ జుకర్‌బర్గ్ ఇనిషియేటివ్ అమెరికాలో ఇమేజింగ్ సైంటిస్టుల ఉద్యోగాలకే ప్రత్యేకంగా నిధులు ఇచ్చింది. కేంద్రాల సిబ్బందికి శిక్షణ ఇవ్వడం గ్లోబల్ బయోఇమేజింగ్ వంటి కూటముల పనుల్లో ఒకటిగా చేరింది.

బాగా తెలిసినవారు బాగా చెప్పగలరన్న నమ్మకం ఇక్కడ పనిచేయదు. అనుభవజ్ఞుడి చేయి తనంతట తానే కండెన్సర్ మర మీదికి పోతుంది, పక్కనున్నవారికి ఏం జరిగిందో తెలియదు. బోధకుడిగా తయారయ్యేవారు మొదట నేర్చుకోవలసింది ఆ చేతిని ఆపుకోవడం. కావాలనే అమరిక చెడగొట్టిన సూక్ష్మదర్శినిని విద్యార్థికి ఇవ్వాలి. దీపం వైపు ఉండే ఫీల్డ్ డయాఫ్రమ్ అనే రంధ్రాన్ని మూసి, అది బహుభుజి ఆకారపు వెలుగుమచ్చగా మిగిలాక, దాని అంచులు పదునుగా కనబడేదాకా కండెన్సర్‌ను విద్యార్థి చేతనే జరిపించాలి. ఆ మచ్చను మధ్యకు తెప్పించి, డయాఫ్రమ్ తెరిపించి, ఏమి మారిందో అతని నోటితోనే చెప్పించాలి. ఒక పరికరం చుట్టూ పదిమంది మూగితే ఇది సాధ్యం కాదు.

గోదావరి డెల్టాకు కోట్ల విలువైన కాన్ఫోకల్ ఇప్పట్లో అవసరం లేదు. ఉన్న సూక్ష్మదర్శినిని ఇలా నేర్పగలిగే కొద్దిమంది కావాలి. హైదరాబాద్, బెంగళూరు కేంద్రాల్లోని ఇమేజింగ్ సైంటిస్టులు మన కళాశాలల అధ్యాపకులను, ల్యాబ్ సిబ్బందిని, ఆ అటెండరు గారి వంటివారిని కూడా కలిపి, బోధకులుగా తీర్చిదిద్దితే అలా నేర్పేవారి వరుస మొదలవుతుంది. పట్టుబడి అయ్యాక చెరువులు ఎండగట్టే రోజుల్లో ఆక్వా ల్యాబుల్లో పని పలచబడుతుంది, టెక్నీషియన్లకు తీరిక దొరికేది అప్పుడే.