పర్యావరణం, ఆరోగ్యం మీద ఇంటర్న్‌షిప్: అపోహలు - వాస్తవాలు

ఎండాకాలం సెలవులు దగ్గరపడుతుంటే ఇంటర్న్‌షిప్ కోసం విద్యార్థులు మా దగ్గరికి వస్తారు. నేను నల్గొండ జిల్లా పల్లెల్లో తాగునీటిలోని ఫ్లోరైడ్, దానివల్ల వచ్చే జబ్బుల మీద పనిచేస్తున్నాను. మొదటి రోజు పిల్లలు అడిగే ప్రశ్నల్లో కొన్ని ఏటా మారవు. వాటికి చెప్పే జవాబులే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇది మెడికోలకు మాత్రమే.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఏళ్ల తరబడి నడుపుతున్న రెండు నెలల స్టూడెంట్‌షిప్ ఎంబీబీఎస్, బీడీఎస్ వాళ్ల కోసం పెట్టింది. అందరికీ తెలిసింది అదే కాబట్టి ఈ మాట పాకినట్టుంది. మా పనికి కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, జియాలజీ, సోషల్ వర్క్ చదివినవాళ్లూ కావాలి.

అపోహ: సర్వే అంటే ఫారం నింపడమే, అసలు రీసెర్చ్ ల్యాబ్‌లో జరుగుతుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ మాటే. ఒకసారి ఒక ఇంటర్న్ "మీరు ఏ నీళ్లు తాగుతారు?" అని ఒక అవ్వను అడిగింది. "నల్లా నీళ్లే బిడ్డా" అంది అవ్వ. ఫారంలో టిక్ పడింది. నేను పక్కనే కూర్చుని "అన్నం ఏ నీళ్లతో వండుతవ్ అవ్వా?" అన్నాను. బోరు నీళ్లట, పప్పు మాత్రం క్యాన్ నీళ్లతోనట, బోరు నీళ్లకు పప్పు ఉడకదట. "పొలం కాడికి పోతే?" అంటే, "అక్కడ మోటరు నీళ్లే, ఇంకేడ దొరుకుతయ్?" అంది. ఒక్క టిక్ వెనక మరో మూడు రకాల నీళ్లు ఉన్నాయి.

దంతాల సంగతి ఇంకా చిక్కు. శాశ్వత దంతాల మీది ఎనామెల్ అనే గట్టి పైపొర చాలావరకు ఎనిమిదేళ్లలోపే తయారవుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లమీద కనిపించే గోధుమరంగు మచ్చ అప్పుడు తాగిన నీటి గుర్తు. మిషన్ భగీరథ వచ్చాక ఇవాళ ఇంటికొచ్చే నీటిని కొలిచి, ముప్పై ఏళ్ల మనిషి పళ్లతో పోలిస్తే లెక్క తప్పుతుంది. కోడళ్ల విషయంలో మరీ జాగ్రత్త పడాలి, వాళ్ల పళ్లు చెప్పేది పుట్టింటి బావి గురించి. అందుకే "చిన్నప్పుడు ఏ ఊళ్లో పెరిగారు, అక్కడ ఏ నీళ్లు తాగారు?" అనే ప్రశ్న మా ఫారంలో మొదటి పేజీలోనే ఉంటుంది.

అపోహ: నీళ్లు తేటగా ఉంటే మంచివే, అనుమానం ఉంటే కాచుకుంటే చాలు.

ఊళ్లో వాళ్లే కాదు, సైన్స్ చదివిన పిల్లలూ ఇదే అంటారు. ఫ్లోరైడ్‌కు రంగూ వాసనా లేవు, మన నీళ్లలో ఉండే మోతాదులో నాలుకకూ తెలియదు. కాచితే క్రిములు చస్తాయి, నీరు కొంత ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ మాత్రం గిన్నెలోనే ఉండి ఇంకాస్త చిక్కబడుతుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు మనకు కొత్తదీ కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్‌ను గుర్తించి 1937లోనే వైద్య పత్రికల్లో రాశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించింది. దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు.

అపోహ: మెషీన్ మంచిదైతే రిజల్ట్ కరెక్టే.

మెషీన్ దాకా వెళ్లేలోపే నమూనా పాడవ్వచ్చు. ఒక ఎండాకాలం మేం తెచ్చిన పదకొండు సీసాల మీద రాత చెరిగిపోయింది. తడి సీసా మీద రాశాం, ఐస్ పెట్టెలో ఇంకు కారిపోయింది. ఏ సీసా ఏ బోరుదో తెలియక మళ్లీ ఆ ఊళ్లన్నీ తిరిగాం. అప్పటి నుంచి నీళ్లు పట్టకముందే, పొడి సీసా మీద రాసి, పైన టేపు అంటిస్తాం. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌దే కావాలి. బోరును కొన్ని నిమిషాలు నడిపి, పైపులో నిలవున్న నీరు పోయాక, అదే నీళ్లతో సీసా కడిగి పట్టాలి. ప్రతి ట్రిప్పుకీ శుద్ధమైన నీళ్లు నింపిన సీసా ఒకటి వెంట తీసుకెళ్లి, అక్కడ మూత తీసి పెట్టి, మిగతావాటితోపాటే పరీక్షిస్తాం. అందులో ఫ్లోరైడ్ కనిపించిందంటే తప్పు మా చేతుల్లో ఉన్నట్టు.

కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు జవాబు రాని గడిలో సున్నా వేయొద్దు. "తెలియదు" వేరు, "లేదు" వేరు.

అపోహ: రెండు నెలల్లో జబ్బుకు కారణం తేల్చి రీసెర్చ్ పేపర్ వేయొచ్చు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద ఎన్నో ఏళ్లుగా ఎంతోమంది పరిశోధిస్తున్నారు. భూగర్భ జలం, పురుగుమందులు, ఎండలో చాకిరీ, ఇలా చాలావాటిని పరిశీలించారు. ఇదే కారణమని ఇప్పటికీ ఖాయం కాలేదు. ఒక ఊళ్లో నీళ్లలో ఏదో ఎక్కువుంది, అదే ఊళ్లో జబ్బూ ఉంది అంటే దాంతో సంగతి తేలినట్టు కాదు. పైగా ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్కరి దగ్గర కూడా నమూనా తీసుకోకూడదు. అందుకే సొంత ప్రాజెక్టు కంటే, నడుస్తున్న పనిలో ఒక భాగం తీసుకోండి. ఒక ఊరి నీటి మ్యాపు పక్కాగా చేసినా అది మాకు పదేళ్లు పనికొస్తుంది.

అపోహ: రిపోర్టు ఇచ్చేస్తే ఇంటర్న్‌షిప్ అయిపోయినట్టే.

మా దగ్గర చివరి వారం మళ్లీ ఊళ్లకే వెళ్తాం. ప్రతి ఇంటికీ తెలుగులో ఒక కార్డు రాస్తాం: మీ బోరులో ఫ్లోరైడ్ ఇంత, ఉండాల్సింది ఇంత. ఎక్కువుంటే తాగడానికి, వంటకు నల్లా నీళ్లే వాడండి, బట్టలకు, స్నానానికి ఈ నీళ్లు వాడుకోవచ్చు అని. చదవలేనివాళ్లకు చదివి వినిపించాలి. "మరి మా మనవడికి ఇప్పుడేమన్నా అవుతదా బిడ్డా?" అని అడిగితే పక్కన కూర్చుని నిదానంగా చెప్పాలి. ఆ వారం సెలవు అడగొద్దని మొదటి రోజే చెప్పేస్తాను.