రాడ్ మీద కిలోలు పెరిగితే బలం పెరిగినట్టేనా?

"బెంచ్ ఎంత కొడుతున్నావ్?" జిమ్‌లో చేరిన పదిహేడేళ్ల కుర్రాడికి ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. పక్కవాడు ఎనభై అంటే తన అరవై చూసుకుని కుంగిపోతాడు, వారం తిరగకముందే డెబ్బై వేసుకుని నడుము విల్లులా వంచి ఎలాగోలా లేపేస్తాడు. బలాన్ని కొలుచుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. నిజానికి స్క్వాట్ (భుజాల మీద రాడ్‌తో కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (పడుకుని ఛాతీ మీది నుంచి రాడ్‌ను పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్‌ను ఎత్తి నిలబడటం), ఈ మూడింటిలో నాకు నచ్చేదే అది, అద్దం ముందు నిలబడి ఊహించుకోనక్కర్లేదు, ఫలితం కిలోల్లో కనిపిస్తుంది. కానీ కిలోలు కూడా ఒక కొలతే. కొలిచే తీరు మారితే అంకె మారిపోతుంది.

రాడ్ సంగతే చూడండి. పోటీల్లో పురుషుల రాడ్ 20 కిలోలు. మామూలు జిమ్‌లలో ఒక్కో రాడ్ ఒక్కో బరువు ఉంటుంది, కొందరు దాన్ని లెక్కలో కలుపుతారు, కొందరు కలపరు. అంతకన్నా పెద్ద తేడా ఎంత కిందికి దిగుతున్నారన్న దాంట్లో ఉంది. ఈ మూడింటిలో పోటీపడే పవర్‌లిఫ్టింగ్ నిబంధన ప్రకారం స్క్వాట్‌లో తుంటి దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కంటే కిందికి రావాలి. తొడ నేలకు సమాంతరంగా వచ్చే చోట తుంటి, మోకాలు రెండూ కలిపి చూస్తే రాడ్ బరువు కిందికి లాగే గీత నుంచి అత్యంత దూరంలో ఉంటాయి, అందుకే కండరాల మీద పడే టార్క్ (కీలును తిప్పే బలం) అక్కడ అంత ఎక్కువ, ఆ చోటికి రాకుండానే సగంలో లేచిపోతే 100 కిలోలవాడు కూడా 130 ఎత్తినట్టు కనిపిస్తాడు. బెంచ్‌లోనూ అంతే. రాడ్ ఛాతీ మీద కదలకుండా ఆగాకే రెఫరీ 'ప్రెస్' అంటాడు. ఛాతీ మీద ఎగరేసి, పైనుంచి ఫ్రెండ్ రెండు చేతులతో సపోర్ట్ ఇస్తే లేచిన బరువులో మీ వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు.

శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్ (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం గెలిచింది. ఆమె కన్నా ముందున్న ఇద్దరూ ఎత్తింది 242.5. తేడా రెండున్నర కిలోలే! అక్కడ ఆ రెండున్నరకు అర్థం ఉంది, ఎందుకంటే అందరికీ అదే రాడ్, అవే ప్లేట్లు, అదే రోజు, వాళ్లే జడ్జీలు. మన జిమ్‌లో సోమవారానికీ గురువారానికీ మధ్య తగ్గిన రెండున్నర కిలోలు నిద్ర చాలకపోవడం వల్ల కావచ్చు, మధ్యాహ్నం సరిగ్గా తినకపోవడం కావచ్చు, సాయంత్రానికి బదులు తెల్లవారుజామున వెళ్లడం కావచ్చు. శరీర ఉష్ణోగ్రత సాయంత్రానికి కాస్త పెరుగుతుంది, చాలామందిలో బలం కూడా పొద్దుటి కంటే అప్పుడే ఎక్కువ. ఒక్క రోజు అంకె చూసి సంబరమూ వద్దు, టెన్షనూ వద్దు.

మొదటి రెండు మూడు నెలల్లో బరువులు గబగబా పెరుగుతాయి, టీషర్ట్ మాత్రం అంతకుముందులాగే వదులుగా ఉంటుంది. అప్పుడు పెరిగేదాంట్లో ఎక్కువ భాగం నాడీవ్యవస్థది. మెదడు ఒకేసారి మరిన్ని కండర తంతువులను పనిలోకి దించడం, వాటికి సంకేతాలు వేగంగా పంపడం, అడ్డుపడే కండరాలను వదులుగా ఉంచడం నేర్చుకుంటుంది. కండ పరిమాణం పెరగడం ఆ తర్వాత కథ. అది నిజమైన బలమే, అనుమానం లేదు, కానీ ఆ వేగం ఎల్లకాలం ఉండదు. లెక్క వేయండి: వారానికి మూడుసార్లు, ప్రతిసారీ 2.5 కిలోలు పెంచుకుంటూ పోతే ఏడాదికి 390 కిలోలు. అలా ఎవరికీ జరగదు కాబట్టి వేగం తగ్గడం వైఫల్యం కాదు, తగ్గి తీరాల్సిందే.

ఇక కుర్రవాళ్ల విషయంలో అసలు చిక్కు ఏమిటంటే కొలవబడుతున్న శరీరమే మారిపోతూ ఉంటుంది. అబ్బాయిలు సగటున పద్నాలుగేళ్ల దగ్గర, అమ్మాయిలు పన్నెండేళ్ల దగ్గర అత్యంత వేగంగా పొడవు పెరుగుతారు, బలం పెరుగుదల సాధారణంగా దాని తర్వాత ఊపందుకుంటుంది. మధ్యలో కాళ్లూ చేతులూ సాగి, నిన్నటి దాకా బాగున్న స్క్వాట్ ఒక్కసారిగా వంకర పోతుంది. ఆ నెలల్లో కిలోలు కదలకపోతే పిల్లాడు సోమరి అయ్యాడని కాదు, పొడవైన ఎముకలతో మళ్లీ కొత్తగా ఎత్తడం నేర్చుకుంటున్నాడు. ఆ సమయంలో కోచ్ అరిచి బరువు పెంచించడం నాకు అస్సలు నచ్చదు.

శరీర బరువు పెరిగినప్పుడు ఇంకో సమస్య. కండరం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి, బరువు ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతాయి కనుక, బలం శరీర బరువుకు మూడింట రెండు వంతుల (2/3) ఘాతం చొప్పున, అంటే బరువు కంటే నెమ్మదిగా పెరగాలని అంచనా. 1956లో లియెట్జ్‌కే అనే శాస్త్రవేత్త వెయిట్‌లిఫ్టింగ్ రికార్డులను చూసి ఇది దాదాపు సరిపోతుందని చూపించాడు. 60 కిలోల అబ్బాయి 100 కిలోల స్క్వాట్ చేస్తున్నాడనుకుందాం. 70 కిలోలకు వచ్చాడంటే, ఉన్నచోటే ఉండటానికి కూడా దాదాపు 111 చేయాలి. ఏడాదిలో 105కి వస్తే రాడ్ మీద అయిదు పెరిగినా, తన సైజుకు తగ్గ బలం తగ్గినట్టే. "నీ బరువుకు రెండింతలు ఎత్తాలి" అనే జిమ్ సూత్రం కూడా ఇందుకే సరిగ్గా పనిచేయదు, సన్నవాళ్లకు తేలిక, బరువైనవాళ్లకు అన్యాయం.

వయసుకు కూడా సవరణ ఉంది. పవర్‌లిఫ్టింగ్‌లో ఫాస్టర్ గుణకాలని ఒక పట్టిక వాడతారు: 14 ఏళ్లకు 1.23, 16కి 1.13, 18కి 1.06, 23కి వచ్చేసరికి 1.00. అంటే పదహారేళ్లవాడి 100 కిలోలను పెద్దవాడి 113తో సమానంగా చూస్తారు. ఇంటర్ చదివే కుర్రాడు పాతికేళ్లవాడి అంకెతో పోల్చుకుని బాధపడటానికి ఏ ఆధారమూ లేదని ఆ పట్టికే చెబుతోంది.

మరి ఎలా కొలవాలి? నెలనెలా మాక్స్ (ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువు) ప్రయత్నించడం కుర్రవాళ్లకు అనవసరం. 1980లలో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయ కోచ్ బాయిడ్ ఎప్లీ ఇచ్చిన సూత్రం చాలు: రెప్స్‌ను (ఆపకుండా ఎన్నిసార్లు ఎత్తారో ఆ సంఖ్యను) 30తో భాగించి, ఒకటి కలిపి, బరువుతో గుణించాలి. 60 కిలోలతో అయిదు రెప్స్ చేస్తే అంచనా మాక్స్ 70. మూడు నెలల తర్వాత అదే 60తో ఎనిమిది వస్తే 76. రాడ్ మీద ఒక్క ప్లేటూ మారలేదు, బలం మాత్రం పెరిగింది. పది రెప్స్ దాటితే ఈ అంచనా గాడి తప్పుతుంది. అదే రాడ్, అదే లోతు, దాదాపు అదే సమయం ఉండేలా చూసుకుని, ఫోన్‌ను పక్కనుంచి పెట్టి వీడియో తీసుకుని, తేదీ, శరీర బరువు, రెప్స్ నోట్‌బుక్‌లో రాయండి.

ఆ నోట్‌బుక్‌లో మూడు నెలల పాటు ఏమీ కదలకపోతే, ఇంకో ప్రోగ్రామ్ వెతికే ముందు నిద్ర, తిండి చూడండి. టీనేజ్‌లో ఉన్నవాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, తెల్లవారుజామునే స్టడీ అవర్‌కు లేపే హాస్టళ్లలో అంత నిద్ర దొరకడం కష్టం. ప్రొటీన్ శరీర బరువు కిలోకు రోజుకు దాదాపు 1.6 గ్రాములు అనుకుంటే 60 కిలోల పిల్లాడికి 96 గ్రాములు కావాలి, ఒక గుడ్డులో ఉండేది ఆరు. పలుచటి సాంబారు, అన్నంతో అది రాదు. ఇంట్లోవాళ్లతో మాట్లాడి గుడ్లు, పాలు, పెరుగు, వేరుశెనగలు పెంచుకుని, ఇంకో రెండు నెలలు అదే రాడ్‌తో కొనసాగించి అప్పుడు చూడండి.