తూచ్ అనే ముందు

పిల్లలూ,

నిన్న ఫోన్లో ఇద్దరూ ఒకేసారి అరిచేసరికి నాకు సగమే అర్థమైంది. అన్న గురి చూసి కొట్టాడు. చెల్లి "నాకు తగల్లేదు, తుంపర పడిందంతే" అంది. "తొండి" అని వాడు, "నువ్వే తొండి" అని ఇది. చివరికి రెండు వాటర్ గన్‌లూ అటకెక్కాయి. తప్పెవరిదో నన్ను తేల్చమంటే ఎలా తేలుస్తాను? పక్కనే ఉన్న మీకే తేలలేదు కదా!

ఈ తంటా మీ ఒక్కరిదే కాదు. ఫెన్సింగ్ అని కత్తుల ఆట ఉంది, చూసే ఉంటారు. మొన తగిలిందో లేదో చెప్పడానికి ఒకప్పుడు చుట్టూ జడ్జీలు నిలబడి కళ్లు చికిలించుకుని చూసేవాళ్లు. అంత వేగంలో కంటికేం ఆనుతుంది? అందుకని ఎపీ అనే రకం కత్తికి 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో కరెంటు తగిలించారు. మొన దగ్గర చిన్న బటన్, అది నొక్కుకుంటే లైటు వెలుగుతుంది. ఆ బటన్ వెనక స్ప్రింగు 750 గ్రాముల బరువును మోసేంత గట్టిగా ఉండాలని రూలు. అంటే ఊరికే రాసుకుపోతే లైటు రాదు. ఎంత గట్టిగా తగిలితే తగిలినట్టో వాళ్లు ఆటకు ముందే ఒప్పుకున్నారు. మీరేమో కొట్టాక వాదించుకుంటున్నారు.

నీళ్లతో ఇంకో చిక్కుంది. గన్‌లోంచి వచ్చేటప్పుడు ధార తాడులా ఉంటుంది. కొంత దూరం పోయాక చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, గాలి తోడైతే తుంపరే మిగులుతుంది. అందుకే అన్నకు అది 'ధార', చెల్లికి 'తుంపర'. ఇద్దరూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు.

కొలత ఒకటి పెట్టుకోండి. బట్టల మీద అరచేయంత తడి మచ్చ పడితే ఔట్, అంతకన్నా చిన్నదైతే కాదు. ఎవరి అరచెయ్యి అని మళ్లీ మొదలుపెడతారని తెలుసు. ఇద్దరికీ అన్న చెయ్యే కొలత. లేత బూడిద రంగు కాటన్ టీషర్ట్ వేసుకోండి. పోగుల మధ్య సందుల్లోకి నీళ్లు చేరితే గుడ్డ వెలుతురును వెనక్కి పంపడం తగ్గుతుంది, అక్కడ ముదురు రంగు మచ్చ కనబడుతుంది. నల్ల చొక్కా మీద అది తెలియనే తెలియదు.

ఈ పద్ధతి పది నిమిషాలే నడుస్తుంది. ఆ తర్వాత ఒళ్లంతా తడే, మచ్చ ఎక్కడని వెతుకుతారు? అప్పుడు టిష్యూ పేపర్ మంచిది. అరచేయంత ముక్క ఛాతీ మీద ఒకటి, వీపు మీద ఒకటి, బట్టల క్లిప్పుతో పెట్టుకోండి. చుక్కలు పడితే పేపర్ తడుస్తుంది గానీ నిలుస్తుంది. ధార సూటిగా తగిలితే చిరుగుతుంది. చిరిగితే ఔట్. అదే మీ 750 గ్రాముల బటన్. ముందు ఒకసారి ఏ దూరం నుంచి చిరుగుతోందో కొట్టి చూసుకోండి. తడికి తనంతట తనే జారిపోతుంటే రెండు పొరలు వేయండి.

ఇద్దరికీ ఒకేసారి తగిలితే? ఎపీలో సెకనులో దాదాపు 25వ వంతు తేడాలో ఇద్దరూ పొడుచుకుంటే ఇద్దరికీ పాయింటే. మీరూ అంతే, ఇద్దరూ ఔట్.

ఇక తగిలిందని ఎవరు చెప్పాలి? తగిలినవాళ్లే. కరెంటు రాకముందు ఫెన్సింగ్‌లో జడ్జీలున్నా సరే, దెబ్బ తిన్నవాడే "టూషే" అనేవాడు. ఫ్రెంచిలో 'తగిలింది' అని అర్థం. మన 'తూచ్' దానికి చెవికి చుట్టంలా ఉంటుంది, అర్థం మాత్రం సరిగ్గా తలకిందులు!

అయితే తగిలిందని ఒప్పుకోవడం ఎందుకంత కష్టం? నా సంగతే చెబుతాను. మీ వయసులో ఒకసారి నా భుజం మీద దెబ్బ పడింది. ఎవరూ చూడలేదనుకుని బకెట్లో నీళ్లు తీసి నెత్తిన గుమ్మరించుకున్నాను. నిలువెల్లా తడిసినవాడికి మచ్చేమిటి? అప్పట్లో మా రూలు, ఔటైతే ఆట అయ్యేదాకా గట్టు మీద కూర్చోవాలి. అంత శిక్ష వేస్తే ఎవడొప్పుకుంటాడు? అందుకే ఔటైనవాళ్లు తమ మూలకు వెళ్లి ఇరవై అంకెలు లెక్కపెట్టి, గన్ నింపుకుని, కొత్త పేపర్ పెట్టుకుని తిరిగి రావాలి. కొట్టినవాళ్లకు ఒక పాయింట్. పోయేది ఇరవై అంకెలే అయితే "తగిలింది" అనడానికి నోరు దానంతటదే వస్తుంది. నన్నడిగితే మిగతా రూల్స్ అన్నీ కలిపినా దీని ముందు దిగదుడుపే.

గన్‌ల తేడా కూడా చూసుకోండి. పాత బుల్లి పిస్తోలులో వేలు నొక్కినంత నీళ్లే వచ్చేవి. లానీ జాన్సన్ అనే అమెరికన్ ఇంజినీరు 1982లో బాత్రూంలో వేరే ప్రయోగమేదో చేస్తుంటే నీటి ధార దూసుకుపోయింది. గాలిని ముందే పంపు చేసి ఒత్తిడి నిలవ చేసే ఆయన గన్ 1990లో అమ్మకానికి వచ్చింది. అన్న దగ్గరున్నది ఆ జాతిదే, చెల్లిది పిస్తోలు. ప్రతి రౌండుకూ మార్చుకోండి.

మెడ పైన కొడితే కొట్టినవాళ్లే ఔట్, కళ్లతో ఆటలొద్దు. బకెట్ దగ్గర నీళ్లు నింపుకునేవాళ్లను కొట్టకూడదు. అలాగని బకెట్‌నే పట్టుకుని వేలాడకూడదు, గన్ నిండగానే కదలాలి.

గన్‌లు కిందికి దింపమని అమ్మకు నేను చెబుతాను. ఈ ఆదివారం నేనూ వస్తున్నాను, నాకు ఆ పిస్తోలు చాలు. కాకపోతే నేను పరిగెత్తలేను కదా, నా పేపర్‌కు మాత్రం మూడు పొరలు.

మీ తాతయ్య