రాక్ షో కోసం విదేశం: గోదావరి జిల్లాల్లో తిరిగే అపోహలు, అసలు సంగతులు

భీమవరంలో విమానం టికెట్లు, వీసా ఫైళ్ళ పని నాది. గల్ఫ్ వెళ్ళేవాళ్ళు, అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు, ఎమ్మెస్‌కి వెళ్ళే కుర్రాళ్ళు, మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా వీళ్ళే. కొన్నేళ్ళుగా వీళ్ళ మధ్యన నల్ల టీషర్టులు వేసుకున్న రాక్ సంగీతం అభిమానులు కూడా కనబడుతున్నారు. "అన్నా, మావాళ్ళ టూరు తేదీలొచ్చాయి, ఎలాగైనా వెళ్ళాలి" అంటూ ఫోన్ చేతిలో పెడతారు. ఆ సంగీతం నాకూ ఇష్టమే కాబట్టి ఈ ఫైళ్ళు ఇంకొకరికి ఇవ్వకుండా నేనే చూస్తాను. పాలకొల్లు వాళ్ళొచ్చినా, అమలాపురం వాళ్ళొచ్చినా అవే మాటలు. డబ్బు చాలక ఆగినవాళ్ళకంటే, ఈ మాటలు నమ్మి పనుల వరస తలకిందులు చేసుకుని ఆగినవాళ్ళే ఎక్కువ.

అపోహ: "ఎలాగూ ఇండియా వస్తారు కదండీ, అప్పుడు చూద్దాం."

వస్తారేమో. మెటాలికా బ్యాండు 2011 అక్టోబరు 30న బెంగళూరులో ఆడింది. దానికి రెండు రోజుల ముందు గుర్గావ్‌లో జరగాల్సిన షో రద్దయింది. గన్స్ ఎన్ రోజెస్ 2012 డిసెంబరులో వచ్చి, మళ్ళీ ముంబయిలో కనబడింది 2025 మేలో. అప్పుడు ఇంటర్ చదువుతున్నవాడికి ఇప్పుడు పిల్లలుండొచ్చు. ఐరన్ మెయిడెన్ మాత్రం 2007, 2008, 2009లో వరసగా వచ్చింది, అది మన అదృష్టం. వచ్చినా అన్నీ సుఖంగా ఉంటాయనీ కాదు. 2025 జనవరి కోల్డ్‌ప్లే షోలకి టికెట్లు దొరక్క బ్లాకులో లక్షలు చెప్పిన సంగతి అందరికీ తెలుసు. ఆ లక్షల్లో సింగపూర్ వెళ్ళి అదే బ్యాండుని చూసి రావచ్చు.

అపోహ: "బ్యాండు ఏ దేశానిదో ఆ దేశంలో చూస్తేనే మజా."

కుర్రాళ్ళతో నేను ఎక్కువసేపు వాదించేది ఇక్కడే. టూరంటే ముప్ఫై నలభై ఊళ్ళు. స్టేజీ అదే, లైట్లవే, పాటల వరస దాదాపు అదే. మారేది మీ వీసా ఒక్కటే. అందుకని టూరు జాబితా చేతికి రాగానే లండన్ ఎక్కడుందని వెతక్కండి. మన పాస్‌పోర్టుకి సులువుగా తలుపు తీసే ఊరు ఏదుందో ముందు చూడండి.

మలేసియా మనవాళ్ళకి 2026 డిసెంబరు 31 వరకు ముప్ఫై రోజుల దాకా వీసా అడగదు, వెళ్ళే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపుకోవాలి, అంతే. సింగపూర్‌కి వీసా కావాలి కానీ ఇంటర్వ్యూ ఉండదు, గుర్తింపు ఉన్న ఏజెంటు ద్వారా పెడితే మామూలుగా కొద్ది రోజుల్లో వస్తుంది. అరైవల్ కార్డు అక్కడా ఉంది. 2024 జనవరిలో కోల్డ్‌ప్లే సింగపూర్ నేషనల్ స్టేడియంలో ఆరు రాత్రులు ఆడింది. పైగా విశాఖ నుంచి సింగపూర్‌కి స్కూట్ విమానం నేరుగా వెళ్తుంది, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. నరసాపురంలో రాత్రి రైలెక్కి హైదరాబాద్ చేరేలోపు ఆ విమానం వెళ్ళి వచ్చేస్తుంది.

యూరప్ వద్దనను. యూరప్‌లోనే బాగా దొరికేది ఒకటుంది, అది పండగ, అంటే ఒకేచోట బోలెడు బ్యాండ్లు వరసగా ఆడే మ్యూజిక్ ఫెస్టివల్. దాని సంగతి కింద చెబుతాను.

అపోహ: "షో టికెట్ చూపిస్తే వీసా ఖాయం." దీనికి కవలపిల్ల: "రాక్ షో అని రాస్తే ఇవ్వరు, ఈఫిల్ టవర్ అని రాయండి."

రెండూ తప్పే. టికెట్ అనేది మీరు ఎందుకు వెళ్తున్నారో చెబుతుంది. తిరిగి వస్తారా, ఖర్చు భరించగలరా అన్న ప్రశ్నలకి జవాబు అందులో ఉండదు, ఆఫీసరు ముఖ్యంగా చూసేది ఆ రెండే. అలాగని దాచడం ఇంకా చెడ్డది. హాంబర్గ్ దగ్గర షో పెట్టుకుని పారిస్ హోటల్ కాగితాలు జతచేస్తే, ఎప్పుడో ఒకచోట ఆ తేడా బయటపడుతుంది. కవరింగ్ లెటర్‌లో ఉన్నదున్నట్టు రాయండి: ఫలానా తేదీన ఫలానా ఊళ్ళో ఈ బ్యాండు షో, టికెట్ జతచేశాను, ముందు రెండు రోజులు, తర్వాత మూడు రోజులు ఊరు చూసి వస్తాను. మిగతా కాగితాలు సరిగ్గా ఉంటే, రాక్ షో అని రాసినంత మాత్రాన ఇబ్బందేం లేదు.

షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా, దాని లెక్కలు ఒకసారి గుర్తుపెట్టుకోండి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి, రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టొచ్చు, పదిహేను రోజులకంటే తక్కువ ఉంటే పెట్టలేరు. నిర్ణయానికి మామూలుగా పదిహేను రోజులు, అవసరమైతే నలభై అయిదు రోజుల దాకా తీసుకుంటారు. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, దరఖాస్తు తీసుకునే వీసా సెంటర్ వాళ్ళ సర్వీసు ఛార్జీ వేరే. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వేలిముద్రలకి మనవాళ్ళు మామూలుగా హైదరాబాద్ వెళ్తారు. వేసవిలో ఆ స్లాట్లు దొరకడమే కష్టం. జూలై షోకి మే నెలలో మా మెట్లెక్కేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. ఫిబ్రవరిలో వచ్చుంటే అసలు ఇబ్బందే లేదు.

అమెరికా అయితే ఇంటర్వ్యూ తేదీ చేతికొచ్చాకే షో టికెట్ గురించి ఆలోచించండి. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

అపోహ: "ఫైలు పెట్టే ముందు రోజు అయిదు లక్షలు అకౌంట్లో వేస్తే చాలు."

మన జిల్లాల్లో ఎక్కువ ఫైళ్ళని చెడగొట్టేది ఇదే. మావయ్య దగ్గర తెచ్చి వేస్తారు, స్టేట్‌మెంట్ తీయించి మర్నాడు తిరిగిచ్చేస్తారు. చూసేవాళ్ళకి మూడు నెలల లావాదేవీలు కనబడతాయి. మొదటి ఎనభై రోజులు పన్నెండు వేలు తిరిగిన అకౌంట్లో చివరి రోజున అయిదు లక్షలు పడితే, అది అప్పు అని కనిపెట్టడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు.

అయితే ఇక్కడో చిక్కుంది. రొయ్యల చెరువులున్న ఇంట్లో డబ్బు నిజంగానే అలాగే వస్తుంది. మూడు నాలుగు నెలలు మేతకీ, మందులకీ, కరెంటుకీ పోవడమే తప్ప రావడం ఉండదు. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, అయ్యాక ఒక్కసారిగా పడుతుంది. నెల జీతం అలవాటైన కళ్ళకి అది అనుమానంగా కనిపించడం సహజం. దానికి మందు కాగితమే. సరుకు కొన్న కంపెనీ ఇచ్చిన బిల్లు, అందులో కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో), బరువు, రేటు. చెరువు సొంతమైతే భూమి పాస్‌బుక్, కాకపోతే లీజు కాగితం. మూడేళ్ళ ఐటీ రిటర్నులు. వీటితోపాటు ఒక పేజీ వివరణ: మాకు ఏటా ఇన్ని పంటలు, డబ్బు ఫలానా నెలల్లో వస్తుంది, స్టేట్‌మెంట్‌లో ఫలానా తేదీన పడింది అదే. వరి రైతులకీ, కొబ్బరి వ్యాపారులకీ ఇదే పద్ధతి. బ్యాంకు చెప్పేదీ, రిటర్ను చెప్పేదీ ఒకటే అయితే రొయ్యల డబ్బుకీ సాఫ్ట్‌వేర్ జీతానికీ తేడా ఉండదు.

చదువుకునే పిల్లలకి నాన్నగారు స్పాన్సర్‌గా ఉండొచ్చు. ఆయన కాగితాలు, ఆయన సంతకంతో లేఖ, కాలేజీ నుంచి సెలవు ధ్రువీకరణ పెట్టాలి. నాన్నగారిని ఒప్పించడం మాత్రం నా పని కాదు.

అపోహ: "పేరులో ఒక అక్షరం అటూ ఇటూ అయితే ఎవడు చూస్తాడు?"

చూస్తారండీ. నాలుగు ఇనీషియల్సు, చివర రాజు అని పదో తరగతి సర్టిఫికెట్లో ఉంటుంది. పాస్‌పోర్టులో ఆ నాలుగూ విప్పి బారెడు పేరవుతుంది. షో టికెట్ మాత్రం స్నేహితులు పిలిచే పేరుతో కొంటారు. కొన్ని పెద్ద పండగలకి టికెట్ మీద పేరు, గుర్తింపు కార్డు మీద పేరు కలవాలి. బ్రిటన్‌లో జరిగే గ్లాస్టన్‌బరీ పండగకైతే ముందే ఫొటోతో రిజిస్టర్ అవ్వాలి, ఆ టికెట్ ఇంకొకరికి బదిలీ కాదు. విమానం టికెట్ సంగతి చెప్పక్కర్లేదు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసిన పాస్‌పోర్టులు మన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. ఒంటి పేరు మాత్రమే ఉన్నవాళ్ళని యూఏఈ 2022 నవంబరు నుంచి విజిట్ వీసా మీద రానివ్వడం లేదు, అబూదాబీ షోకి వెళ్దామనుకునేవాళ్ళు ముందు ఇది చూసుకోవాలి. మార్పించుకోవాలంటే భీమవరంలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. షో దాకా ఆగకుండా ఇవాళే అప్లై చేయండి.

అపోహ: "టికెట్ స్క్రీన్‌షాట్ పంపిస్తారంట, డబ్బు కొట్టేశాను."

వద్దు. టికెట్‌మాస్టర్ లాంటి పెద్ద కంపెనీలు చాలా షోలకి యాప్‌లో కొన్ని సెకన్లకోసారి మారిపోయే బార్‌కోడ్ ఇస్తున్నాయి. స్క్రీన్‌షాట్ గేటు దగ్గర పనిచేయదు. మిగిలిపోయిన టికెట్లు అసలు ధరకో, దాని దరిదాపుల్లోనో చేతులు మారే చోట్లు వేరే ఉన్నాయి, బ్రిటన్‌లో ట్వికెట్స్, జర్మనీలో ఫ్యాన్‌సేల్. అక్కడ ఓపిగ్గా చూస్తుంటే షోకి వారం ముందు కూడా దొరుకుతాయి. 2025లో బ్రిటన్ బ్యాండు ఒయాసిస్ టూరుకి, అనుమతి లేని సైట్లలో అమ్మిన టికెట్లు రద్దు చేస్తామని నిర్వాహకులు ముందే చెప్పారు.

కార్డు సంగతొకటి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులకి విదేశీ వాడకం మూసే ఉంటుంది, యాప్‌లో మీరే తెరవాలి. లండన్‌లో ఉదయం తొమ్మిదికి అమ్మకం మొదలైతే వేసవిలో మనకి మధ్యాహ్నం ఒకటిన్నర. క్యూలో గంట నిలబడి, చివర కార్డు తిరస్కరించాక బ్యాంకుకి ఫోన్ చేస్తే వాళ్ళు భోజనానికి వెళ్ళి ఉంటారు.

అపోహ: "షో రద్దయితే మొత్తం డబ్బు వాపసు."

వచ్చేది షో టికెట్ డబ్బు. విమానం, హోటల్, వీసా ఫీజు మీవే. మామూలు ప్రయాణ బీమాలో మీకు జబ్బు చేస్తే కవర్ ఉంటుంది, గాయకుడి గొంతు పోతే ఉండదు. గొంతులు పోతాయి కూడా. గాయకుడు స్టీవెన్ టైలర్ గొంతు గాయం నయం కాక అతని బ్యాండు ఏరోస్మిత్ 2024 ఆగస్టులో టూర్లకే స్వస్తి చెప్పింది. అందుకని రద్దు చేసుకోగల హోటలే తీసుకోండి, తేదీ మార్చుకునే వీలున్న విమానం టికెట్‌కి కొంచెం ఎక్కువైనా పెట్టండి. షో రద్దయినా ఆ ఊళ్ళో చూడ్డానికి ఇంకేదో ఉండేలా చూసుకోమని మావాళ్ళకి చెబుతుంటాను, చాలామంది వినరు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. షో తెల్లవార్లూ ఉండదు. యూరప్ ఊళ్ళలో చాలాచోట్ల రాత్రి పదిన్నర, పదకొండుకి కట్టేయాలి. 2012 జూలైలో లండన్ హైడ్ పార్కులో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, బీటిల్స్ పాల్ మెకార్ట్నీ అంతటివాళ్ళు కలిసి పాడి, జనానికి థాంక్స్ చెప్పేలోపే సమయం దాటిందని మైకు ఆపేశారు. కాబట్టి తీరిగ్గా తొమ్మిదికి వెళ్తే సగం పోయినట్టే. వీఐపీ టికెట్ అంటే బ్యాండుతో ఫొటో కాదు, చాలాసార్లు ముందుగా లోపలికి పంపడం, ఒక సంచీ, ఒక పోస్టరు. సింగపూర్‌కి వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్) తీసుకెళ్ళకండి, అక్కడ అది నేరం.

చెవుల గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. సంక్రాంతి డీజేలకి అలవాటుపడ్డ చెవులు మావి, ఏం కాదంటారు. చెవి అలవాటుపడదు, దెబ్బతింటుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు భరించొచ్చు, 100 డెసిబెల్స్ అయితే పదిహేను నిమిషాలే. రాక్ షో రెండు గంటలు. ఏసీ/డీసీ గాయకుడు బ్రయాన్ జాన్సన్ 2016లో వినికిడి పూర్తిగా పోయే ప్రమాదముందని డాక్టర్లు చెబితే టూరు మధ్యలో ఆగిపోవాల్సి వచ్చింది. సంగీతం కోసమే చేసిన ఇయర్ ప్లగ్గులు దొరుకుతాయి, పాట చెడదు.

ఇక పండగ. ఉత్తర జర్మనీలో వాకెన్ అని రెండు వేల జనాభా ఉన్న పల్లెటూరు. 1990లో మొదలై, ఇప్పుడు వేసవిలో ఎనభై అయిదు వేలమంది మెటల్ అభిమానులు ఆ పొలాల్లో దిగుతారు. "అంత దూరం వెళ్ళి పొలంలో పడుకోవడమేంట్రా" అని ఇంట్లో అంటారు, నిజానికి మనవాళ్ళకి అంత సరిపోయే చోటు ఇంకోటి లేదు. 2023లో వాన పడి నేలంతా నాట్లకి దమ్ము చేసిన చేనైపోయింది. యాభై వేలమందికి పైగా లోపలికి వెళ్ళాక గేట్లు మూసేశారు. టికెట్ ఉండి కూడా దారిలోంచి వెనక్కి వెళ్ళినవాళ్ళు వేలమంది. అందుకే మొదటి రోజుకి ముందే చేరండి, మోకాలి దాకా ఉండే రబ్బరు బూట్లు కొనుక్కోండి. హాంబర్గ్‌లో విమానం దిగి ఇట్సెహో దాకా రైలు, అక్కడినుంచి బస్సు. చిత్తడిలో నడవడం వాళ్ళకి కష్టం, మనకి పుట్టుకతో వచ్చింది.

చివరగా, ప్రతి అమ్మగారూ అడిగే ప్రశ్న: "యూరప్‌కి పచ్చళ్ళు తీసుకెళ్ళనివ్వరంట కదా బాబూ?" సగమే నిజమండీ. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదన్నది యూరోపియన్ యూనియన్ నిబంధన, కాబట్టి చికెన్ పచ్చడి, నెయ్యి ఇంట్లోనే ఉంచండి. చేపలు, రొయ్యలకి మాత్రం మనిషికి ఇరవై కిలోల దాకా అనుమతి ఉంది. మన రొయ్యల పచ్చడి దర్జాగా వెళ్తుంది. మూత గట్టిగా బిగించి, రెండు కవర్లు చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. చేతి సంచిలో పెడితే మన ఎయిర్‌పోర్టు వాళ్ళే తీసి పక్కన పెట్టేస్తారు.