ఎలుక మూలుగలో చుక్క - మన పిల్లల దాకా రాదు

పోయిన నెల నర్సంపేట వైపు నుంచి ఒకాయన హనుమకొండలో మా ల్యాబ్‌కు వచ్చాడు. ఎనిమిదేళ్ల బిడ్డకు బ్లడ్ క్యాన్సర్. కీమో మొదలుపెట్టాలని డాక్టర్లు చెప్పి నాలుగు రోజులైంది. ఫోన్‌లో ఎవరో పంపిన ఫొటో చూపించాడు: ఎలుక కణాలు, వాటిలో చుక్కలు.

"సారూ, గీ మందుతోని జీన్సు ఖరాబైతయట. రేపు నా బిడ్డకు పుట్టే పిల్లల గతేంది?"

ఫొటో నిజమైనదే. అలాంటి కణాలు నేను రోజూ చూస్తాను. అబద్ధమల్లా దాని కింద రాసిన మాటే.

అపోహ: ఎలుకల్లో జన్యువులు దెబ్బతిన్నాయి కాబట్టి కీమో తీసుకున్నవాళ్లకు లోపాలున్న పిల్లలు పుడతారు.

వాస్తవం: అది మైక్రోన్యూక్లియస్ టెస్ట్, అంటే జన్యువులుండే క్రోమోజోములను మందు దెబ్బతీస్తుందా అని చూసే పరీక్ష. చిట్టెలుకకు సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇచ్చి, ఒక రోజు ఆగి, తొడ ఎముకలోని మూలుగ తీసి స్లైడ్ మీద పరుస్తాం. ఎర్రకణం తయారయ్యేటప్పుడు తన న్యూక్లియస్‌ను (కేంద్రకాన్ని) బయటికి నెట్టేస్తుంది. విరిగిన క్రోమోజోము ముక్క మాత్రం లోపలే ఉండిపోతుంది. ఊదారంగులో కనబడే చుక్క అదే. ఒక్కో ఎలుకకు కనీసం 4000 లేత ఎర్రకణాలు చూడాలి. కొత్త మందును పరీక్షించేటప్పుడు పోల్చడానికి పక్కన సైక్లోఫాస్ఫమైడ్ పెట్టుకునేది కూడా, దానితో చుక్కలు తప్పక వస్తాయని తెలుసు కాబట్టే.

ఆ ఎర్రకణం కొన్నాళ్లు రక్తంలో తిరిగి పోతుంది. తర్వాతి తరానికి వెళ్లేవి అండం, వీర్యకణం మాత్రమే. వాటికి దెబ్బ తగలదా? తగులుతుంది, దాచను. ఈ మందు ఇచ్చిన మగ ఎలుకను మొదటి మూడు వారాల్లో జతకడితే కొన్ని పిండాలు కడుపులోనే చనిపోతాయి. ఆ తర్వాత మూలకణాల నుంచి కొత్త వీర్యకణాలు వచ్చేసరికి ఆ నష్టం తగ్గిపోతుంది. చికిత్సప్పుడూ, ఆ తర్వాత డాక్టర్ చెప్పినన్నాళ్లూ గర్భం వద్దనేది ఇందుకే. చిన్నప్పుడు క్యాన్సర్ నయమైనవాళ్లకు పుట్టిన వేలాది పిల్లలను వేరే దేశాల్లో పరిశీలించారు. జన్యులోపాలు మామూలు కంటే ఎక్కువగా కనబడలేదు. పిల్లలు పుట్టే అవకాశం తగ్గవచ్చు, అది వేరే సంగతి. కీమోకు ముందే డాక్టర్‌ను అడగండి. మగవాళ్లకు వీర్యం భద్రపరచుకునే వీలుంది.

బ్లడ్ క్యాన్సర్‌లో నాలుగు రోజులంటే చిన్న మాట కాదు. నా కోపం ఆ తండ్రి మీద కాదు, ఆ మెసేజ్ రాసినవాడి మీద. ఆ తండ్రిని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. చాలాసేపు చూసి, "గిది ఎన్ని దినాలుంటది?" అన్నాడు. "ఒక్క డోసే ఇస్తే మూడో రోజుకే లేత కణాల్లో తగ్గిపోతుందన్నా. నీ మనవడి దాకా రాదు. మందు మొదలుపెట్టకపోతే మాత్రం బిడ్డ దక్కదు" అన్నాను.

కెమికల్ కంటే ఆకుపసరు మేలంటారు. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు మన వాకిళ్లలో పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చిందే. అది కూడా ఎలుకల్లో ఇవే చుక్కలు పుట్టిస్తుంది.

కీమోతో ఇంకో క్యాన్సర్ వస్తుందా? కొన్ని మందులతో, కొద్దిమందికి, ఏళ్ల తర్వాత రావచ్చు. చికిత్స అయ్యాక కూడా చెకప్‌లు మానొద్దు.

ముట్టుకుంటే క్యాన్సర్ అంటుతుందన్నది ఉత్త మాట. మందు ఎక్కించాక రెండు రోజులు మూత్రం, వాంతి శుభ్రం చేసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, చాలు. బిడ్డను ఎత్తుకోవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు.